ఉమ్మడి గొర్రె ఎందుకు చచ్చింది?



"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది" అని మన పెద్దల సామెత ఒకటుంది. సంఘం చందా అడిగినప్పుడల్లా ఎవరో ఒకరు దీన్ని మన మీద విసురుతూనే ఉంటారు. యాజమాన్యం మనుషులు దానికొక తోక కూడా తగిలించారు. "రష్యాలో ఏమైంది? గొడ్డూ గోదా అంతా ఉమ్మడి చేశారు. చివరికి మాంసం ముక్క కోసం జనం క్యూలో నిలబడ్డారు. ఇంటి వెనక చెక్కలో పెంచుకున్నదే వాళ్ళను బతికించింది. అందుకని ఎవడి గొర్రె వాడిదే, ఎవడి జీతం వాడిదే. సంఘాల వెంట తిరక్కండి" అంటారు.

జీతం పెంచమని అడిగితే అదే నోటి నుంచి ఇంకో మాట వస్తుంది. "కడత్తూరులో మీకు మేకలున్నాయి, ఆవుంది, కోళ్ళున్నాయి. పాలు కొనరు, గుడ్లు కొనరు. పట్నం కూలీకి ఇచ్చినంత మీకెందుకు?" అంటారు.

ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో పెరటి పశువు బంగారం. రెండోదాంట్లో అదే పశువు మన జీతంలోంచి కోసుకోవలసిన పద్దు. ఒకసారి సంఘాన్ని కొట్టడానికి, ఇంకోసారి కూలీని కోయడానికి మన మేకనే వాడుకుంటున్నారన్నమాట.

మన వైపు కూడా కొందరు పెద్దలున్నారు. రష్యాలో మాంసం కొరత గురించి ఎత్తితే చాలు, "అదంతా అమెరికావాడి అబద్ధం" అని కొట్టిపారేస్తారు. 'సోవియట్ భూమి' పత్రికలో బలిసిన ఆవుల బొమ్మలు చూసి పెరిగిన తరం అది. వాళ్ళంటే మనకు గౌరవమే. కానీ కార్మికుడికి నిజం తెలియాలి. శత్రువు చెప్పేది సగం నిజమైనప్పుడు, రెండో సగం మనమే చెప్పాలి. లేకపోతే ఆ సగమే లోకంలో చెల్లుబాటవుతుంది.

ఆ గొర్రె నిజంగా ఎందుకు చచ్చిందో చూద్దాం.

పెరటి చెక్క పుట్టుక

1929 నుంచి సోవియట్ పల్లెల్లో రైతులను సమష్టి క్షేత్రాల్లోకి తోశారు. వాటినే కొల్హోజులు అంటారు. భూమి, ఎద్దులు, గుర్రాలు, ఆవులు, చివరికి కొన్ని చోట్ల కోళ్ళు కూడా ఉమ్మడి చేశారు. ఎవరినీ ఒప్పించి చేసింది కాదు, బలవంతంగా చేసింది. ఎలాగూ పోయేదే కదా అని రైతులు పశువులను కోసుకు తిన్నారు. కొల్హోజులకు చేరిన పశువులు మేత లేక చచ్చాయి. 1928కీ 1933కీ మధ్య ఆ దేశంలో పశుసంపద సుమారు సగానికి పడిపోయింది. ఆ వెంటనే 1932-33లో లక్షల మందిని మింగిన కరువు వచ్చింది.

అప్పుడు ప్రభుత్వం ఒక మెట్టు దిగింది. 1935 నాటి కొల్హోజు నమూనా నిబంధనల్లో ప్రతి ఇంటికీ సొంత చెక్క ఉంచుకోనిచ్చింది. సాధారణంగా పావు హెక్టారు నుంచి అర హెక్టారు, అంటే మన లెక్కలో అరవై సెంట్ల నుంచి ఎకరం పావు. మామూలు వ్యవసాయ ప్రాంతాల్లో ఒక ఆవు, రెండు దూడలు, ఒక ఆడ పంది దాని పిల్లలతో, పది వరకు గొర్రెలూ మేకలూ. కోళ్ళకు పరిమితి లేదు.

దయతో ఇచ్చారా? కాదు. కొల్హోజులో పని చేసినవాడికి నెల జీతం లేదు. "పనిదినం" అని ఒక గీత పుస్తకంలో పడేది. ప్రభుత్వం తీసుకోవలసింది తీసుకుని, విత్తనం పక్కన పెట్టి, మిగిలిందేదైనా ఉంటే ఏడాది చివర ఆ గీతల లెక్కన పంచేవారు. మిగలకపోతే గీతలే మిగిలేవి. ఆ మనిషి బతకాలంటే చెక్క ఉండాలి. అంటే కొల్హోజు ఇవ్వని కూలీని చెక్క ఇచ్చింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. మన మిల్లు లెక్క కూడా ఇక్కడే తగులుతుంది.

యుద్ధం గెలిచినవాడి ఆవు

1945లో హిట్లర్‌ను ఓడించిన దేశం అది. మగవాళ్ళలో ఎందరో యుద్ధంలో పోయారు. పల్లెల్లో ఆడవాళ్ళే కాడి పట్టి దున్నారు. 1946లో వర్షాలు లేవు, మళ్ళీ కరువు. అలాంటి సమయంలో ఆ ఆడవాళ్ళ పెరట్లోని ఆవు మీద ప్రభుత్వం ఏం చేసింది?

ప్రతి ఇల్లూ ఏటా పదుల కిలోల మాంసం, ఆవు ఉంటే వందల లీటర్ల పాలు, గుడ్లు, ఉన్ని ప్రభుత్వానికి అప్పగించాలి. ధర పేరుకు మాత్రమే. పెరట్లో కోతకు వచ్చే పశువు లేకపోయినా మాంసం బాకీ తప్పదు. ఎక్కడన్నా కొని తెచ్చి కట్టాలి. దీనికి తోడు 1948 నుంచి పెరటి చెక్క మీద పన్నులు పెంచారు. ఆవుకు పన్ను, పందికి పన్ను, పండ్ల చెట్టుకూ పన్ను. పన్ను కట్టలేక రైతులు తమ ఆపిల్ చెట్లను తామే నరుక్కున్నారు. ఆవులను అమ్ముకున్నారు.

ఫలితం ఎవరో శత్రువు రాసింది కాదు. 1953 సెప్టెంబరులో క్రుశ్చేవ్ స్వయంగా పార్టీ కేంద్ర కమిటీ ముందు చెప్పాడు. ఆ ఏడాది మొదట్లో దేశంలో ఉన్న ఆవులు 1941లో కంటే 35 లక్షలు తక్కువ, 1928లో కంటే 89 లక్షలు తక్కువ అన్నాడు. అదే సమావేశం తరువాత పశువులకు, కోళ్ళకు ప్రభుత్వం ఇచ్చే తప్పనిసరి సేకరణ ధరను అయిదు రెట్లకు పైగా పెంచారు. అయిదు రెట్లు పెంచినా ఇంకా చాలలేదంటే, అంతకు ముందు ఇచ్చింది ఏమిటో మీరే ఊహించుకోండి. కొల్హోజు ఎంత మాంసం పండిస్తే అంత నష్టపోయేది. నష్టం వచ్చే పనిని ఎవడు మనసు పెట్టి చేస్తాడు?

1950లో సోవియట్ మాంసంలో సుమారు మూడింట రెండు వంతులు ఇళ్ళ పెరళ్ళ నుంచి వచ్చింది. ఆ పెరళ్ళ భూమి మొత్తం సాగులో చాలా కొద్ది పాలే. యాజమాన్యం మనుషులు చూపించే లెక్క ఇదే. లెక్క నిజమే. కానీ వాళ్ళు మింగేసే ముక్క ఒకటుంది. ఆ పెరటి ఆవు మేసింది ఎక్కడ? కొల్హోజు బీడులో. తిన్న గడ్డి ఎక్కడిది? పనిదినాల కింద కొల్హోజు ఇచ్చిన గడ్డి, దొరికినప్పుడు చాటుగా తెచ్చుకున్న గడ్డి. గాలిలోంచి మాంసం రాదు. చెక్క కొల్హోజు మీద ఆనుకుని బతికింది, కొల్హోజు చెక్క మీద ఆనుకుని బతికింది. ఒకదాన్ని పొగిడి ఇంకోదాన్ని తిట్టడం, ఎడమకాలు నడిచింది కుడికాలు నడవలేదు అన్నట్టుంటుంది.

టార్గెట్ల గోల

స్టాలిన్ పోయాక కొంత మెరుగు కనిపించింది. పన్నులు తగ్గించారు. పెరటి చెక్కల నుంచి తప్పనిసరి వసూళ్ళు 1958 జనవరి 1 నుంచి రద్దయ్యాయి. మాంసం పెరిగింది. కానీ పెరిగేదాన్ని పెరగనివ్వలేదు.

1957 మే 22న లెనిన్‌గ్రాడ్‌లో క్రుశ్చేవ్ ఒక ఉపన్యాసం ఇచ్చాడు. మనిషికి ఇంత అనే లెక్కన మాంసం, వెన్న, పాలలో మూడు నాలుగేళ్ళలోనే అమెరికాను అందుకుంటాం అన్నాడు. దానికి మాంసం ఉత్పత్తి మూడు రెట్లకు పైగా పెరగాలి. లెక్కలు కట్టే నిపుణులు 1975 వరకు పడుతుందన్నారు. ఆయన వినలేదు. ఆవు ఈనడానికి తొమ్మిది నెలలు, దూడ ఎదగడానికి రెండేళ్ళు పడుతుందని పల్లెలో పసిపిల్లను అడిగినా చెబుతుంది. పై నుంచి వచ్చే టార్గెట్‌కు ఆ సంగతి పట్టదు. మిల్లులో ఇదే చూస్తున్నాం కదా! రింగ్ ఫ్రేము తిరిగే వేగానికి ఒక హద్దుందని, డాఫింగ్ చేసే చేతికి ఒక హద్దుందని ఆఫీసులో కూర్చుని చార్టు గీసేవాడికి ఎప్పుడు పట్టింది?

ర్యజాన్ అని ఒక ప్రాంతం. అక్కడి పార్టీ కార్యదర్శి లరియోనోవ్. 1959లో ఒక్క ఏడాదిలోనే మూడు రెట్ల మాంసం అప్పగిస్తామని మాటిచ్చాడు. 1,50,000 టన్నులు. ఏం చేశారు? పాలిచ్చే ఆవులను కోశారు. చూలు కట్టే పెయ్యలను కోశారు. ఇళ్ళ పెరళ్ళలోని ఆవులను "తరువాత ఇస్తాం" అని రసీదు రాసి తోలుకుపోయారు. అదీ చాలక పక్క ప్రాంతాలకు మనుషులను పంపి మాంసం కొనుక్కొచ్చారు. అంగడిలో కొన్న మాంసాన్నే మళ్ళీ ప్రభుత్వానికి అప్పగించి కొత్త లెక్క రాశారు. డిసెంబరులో టార్గెట్ పూర్తయిందని ప్రకటించారు. లరియోనోవ్‌కు 'సోషలిస్టు శ్రమ వీరుడు' బిరుదు వచ్చింది. మరుసటి ఏడాది 1,80,000 టన్నులు ఇస్తామన్నారు. ఇవ్వగలిగింది అందులో ఆరో వంతు. కోయడానికి పశువులే లేవు మరి. 1960 సెప్టెంబరులో లరియోనోవ్ చనిపోయాడు, ఆత్మహత్య అనే చెబుతారు. బిరుదు పోయింది, పరువు పోయింది. పెరటి ఆవు పోగొట్టుకున్న ఇంటి ఇల్లాలికి ఆవు మాత్రం రాలేదు.

ఇది రష్యా రోగం, సోషలిజం రోగం అని తేలిగ్గా అనేయకండి. తెలంగాణలో 2017లో గొర్రెల పంపిణీ పథకం మొదలైంది. లబ్ధిదారుకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు. 2024లో బయటపడిన కాగ్ నివేదిక చూడండి. ఒకే చెవి ట్యాగు నంబరు ఒకటికి మించిన గొర్రెలకు ఉంది. గొర్రెలను తోలిన బండ్ల నంబర్లు వెతికితే అవి మోటారు సైకిళ్ళవి, అంబులెన్సులవి అని తేలింది. పంచిన గొర్రెలే మళ్ళీ మళ్ళీ తిరిగాయన్న అనుమానం వచ్చింది. అక్కడ అధికారంలో కమ్యూనిస్టులూ లేరు, కొల్హోజులూ లేవు. గొర్రె ఉన్నచోట కాక, కాగితం ఉన్నచోట లెక్క రాస్తే ఏ రాజ్యంలోనైనా ఇదే జరుగుతుంది.

కార్మికుడి మేక మీద నిషేధం

అదే 1959లో జరిగిన ఇంకో సంగతి మనలాంటి మిల్లు కార్మికులకు నేరుగా తగిలేది. ఆ ఏడాది ఆగస్టులో రష్యన్ రిపబ్లిక్‌లో ఒక ఉత్తర్వు వచ్చింది. పట్నాల్లో, కార్మిక వాడల్లో నివసించేవాళ్ళు సొంతంగా పశువులను పెంచకూడదని. అప్పటికి లక్షల కార్మిక కుటుంబాలు క్వార్టర్స్ వెనక రేకుల కొట్టంలో ఒక మేకనో, పందినో పెంచుకునేవి. మేత దొరకదు, చౌకగా దొరికేది అంగట్లో రొట్టె. దాన్నే పశువుకు పెడుతున్నారని 1956లోనే ఉత్తర్వు తెచ్చి నిషేధించారు. రొట్టె కంటే మేత ఖరీదుగా ఉంచింది ఎవరు? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. పల్లెల్లోనూ అంతే. క్రుశ్చేవ్ సొంత ఊరు కలీనొవ్కాలో ఇళ్ళవాళ్ళందరూ ఆవులను కొల్హోజుకు అమ్మేశారని పత్రికలు మెచ్చుకున్నాయి. మిగతా ఊళ్ళూ అలాగే చేయాలన్నారు.

పెరట్లో పశువు లేదు. అంగట్లో మాంసం లేదు. 1962 జూన్ 1న రేడియోలో వార్త చదివారు: మాంసం ధర సుమారు 30 శాతం, వెన్న ధర సుమారు 25 శాతం పెంపు.

దక్షిణ రష్యాలో నొవొచెర్కాస్క్ అనే ఊళ్ళో రైలింజన్ల కర్మాగారం ఉంది. అక్కడ అప్పటికే పని నార్ములు పెంచి, పీస్ రేటు కోసి, జీతాలు తగ్గించారు. ఆ ఉదయం పోతపని విభాగం కార్మికులు పని ఆపారు. మేమెలా బతకాలి అని డైరెక్టర్ కురోచ్కిన్‌ను అడిగారు. మాంసానికి డబ్బు లేకపోతే కాలేయం పెట్టిన రొట్టెలు తినండి అన్నాడు. ఆ మాట నిప్పు రవ్వయింది. సైరన్ మోగింది. వేల మంది బయటికి వచ్చారు. వాళ్ళు పట్టుకున్న అట్ట మీద రాసింది "మాంసం, వెన్న, జీతం పెంపు". అంతే. రాజ్యం కూల్చాలని కాదు.

మరునాడు జూన్ 2న ఎర్రజెండాలు, లెనిన్ బొమ్మ పట్టుకుని ఊళ్ళోకి ఊరేగింపుగా నడిచారు. మాస్కో నుంచి మికొయాన్, కోజ్లోవ్ వంటి పెద్ద నాయకులు వచ్చి ఉన్నారు. ఒక్కరూ కార్మికుల ముందుకు రాలేదు. షాపోష్నికోవ్ అనే జనరల్ కార్మికుల మీదికి ట్యాంకులు నడపనన్నాడు. అయినా చౌకులో కాల్పులు జరిగాయి. 26 మంది చనిపోయారు. శవాలను కుటుంబాలకు ఇవ్వకుండా దూరపు శ్మశానాల్లో రహస్యంగా పాతిపెట్టారు. తరువాత ఏడుగురికి మరణశిక్ష వేసి చంపారు. వంద మందికి పైగా జైళ్ళపాలయ్యారు. దేశంలో ఎవరికీ తెలియకుండా పాతికేళ్ళకు పైగా దాచారు. 1990ల్లో గానీ ఆ శవాలు బయటపడలేదు.

మిత్రులారా, ఆ ఫ్యాక్టరీలో కార్మిక సంఘం లేదా? ఉంది. ఆఫీసు ఉంది, ముద్ర ఉంది, చందా ఉంది. కానీ నార్ములు పెంచినప్పుడు ఆ సంఘం సంతకం పెట్టింది గానీ సమ్మె పెట్టలేదు. యాజమాన్యం గొంతుకు ప్రతిధ్వనిగా ఉన్న సంఘం సంఘం కాదు. ఉమ్మడి గొర్రె చచ్చింది అక్కడ. అందరి పేరున రాసి, ఒక్కడి మాట మీద నడిపిన గొర్రె ఉమ్మడిది ఎలా అవుతుంది?

తరువాతి కథ

1964 అక్టోబరులో క్రుశ్చేవ్‌ను దించారు. మరుసటి నెలే పెరటి చెక్కల మీద, పట్నం పశువుల మీద పెట్టిన ఆంక్షలను ఎత్తేశారు. 1966 నుంచి కొల్హోజు పనివాళ్ళకు హామీతో కూడిన నెల జీతం మొదలైంది. అంతకు ముందే 1964లో పింఛను చట్టం వచ్చింది. సేకరణ ధరలు పెంచారు. 1977లో, 1981లో పెరటి పెంపకానికి మేత, పిల్లలు ఇచ్చి ప్రోత్సహించే నిర్ణయాలు చేశారు.

మేలు జరగలేదని అనం. అధికారిక లెక్కల ప్రకారం మనిషికి ఏడాదికి 1950లో 26 కిలోల మాంసం ఉండేది, 1980 నాటికి 58 కిలోలకు చేరింది. రెట్టింపు దాటింది. అప్పటికి పెరళ్ళ వాటా సుమారు 30 శాతానికి తగ్గినా, అది ఆగిపోలేదు. మరి క్యూలు ఎందుకు? 1962 దెబ్బకు భయపడి ప్రభుత్వం అంగట్లో మాంసం ధరను 1991 వరకు పెంచలేదు. పండించే ఖర్చు పెరుగుతూ పోయింది. మధ్యలో తేడాను ఖజానా నుంచి పోశారు. జీతాలు పెరిగాయి, ధర కదలలేదు, సరుకు చాలలేదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు రైలెక్కి మాస్కో వచ్చి మాంసం కొనుక్కుపోయేవారు. పశువుల దాణా కోసం అమెరికా నుంచి ధాన్యం కొన్నారు. కార్మికుల ప్రాణాలు తీసి నేర్చుకున్న భయం అది. ఆ భయానికి బదులు వాళ్ళతో కూర్చుని మాట్లాడే అలవాటు నేర్చుకుని ఉంటే ఖర్చు ఎంతో తక్కువయ్యేది.

మన నేల మీద

ఇక మన వైపు చూద్దాం. అదే 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయం చేయాలని తీర్మానించింది. మన ఎన్.జి. రంగా గారు దాన్ని ఎదిరించి బయటికి వచ్చారు. అదే ఏడాది రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి మొదటి అధ్యక్షులయ్యారు. ఆ రాజాజీ మన పాత సేలం జిల్లా మనిషే, హోసూరు దగ్గర తొరపల్లిలో పుట్టారు. రైతు చేతిలో నుంచి నేలను, పశువును లాగేస్తే రష్యా గతి పడుతుందని వాళ్ళన్నారు. అందులో నిజముందని పైన మనమే చెప్పుకున్నాం. కానీ ఒక మాట అడగాలి. నేలే లేనివాడి సంగతి ఆ వాదనలో ఎక్కడుంది? పొరంబోకులో రెండు మేకలు మేపుకునే కూలివాడికి, ఆ పొరంబోకు కూడా పోయాక ఏ స్వతంత్రం మిగిలింది?

ఉమ్మడి వ్యవసాయం మన దేశంలో రాలేదు. కానీ ఉమ్మడి పాలు వచ్చాయి. 1946లో గుజరాత్ ఖేడా జిల్లాలో రైతులు పోల్సన్ కంపెనీ దళారీలకు పాలు పోయమని సమ్మె చేశారు. ఆ సమ్మెలోంచి పుట్టింది సహకార సంఘం. మన ధర్మపురి వైపు ఆవిన్ సంఘాలు నడిచేదీ ఆ దారిలోనే. ఆవు మీ ఇంటిదే. దాని పేరు మీకే తెలుసు, దాని జబ్బు మీకే ముందు కనబడుతుంది. ఉమ్మడి చేసింది అమ్మకం, శీతలీకరణ, దాణా, పశువైద్యం. ఒంటరిగా చేయలేనిది ఉమ్మడి, ఒంటరిగానే బాగా చేసేది ఇంటిది. రష్యాలో దీన్ని తలకిందులు చేశారు. ఆవును ఉమ్మడి చేశారు, నిర్ణయాన్ని ఒక్కడి చేతిలో పెట్టారు.

అయితే సంఘం అనే బోర్డు ఉన్నంత మాత్రాన సరిపోదు. పక్కనున్న చిత్తూరులో సహకార డెయిరీ 2002లో మూతపడింది. పాలు పోసేవాళ్ళ చేతిలో పగ్గం లేకపోతే ఏ డెయిరీకైనా ఆ గతి పట్టవచ్చు. సభ్యుడు లెక్క అడగాలి. ఫ్యాట్ మీటరు తన కళ్ళ ముందు తిరగాలి. ఎన్నిక జరగాలి.

"ప్రైవేటే మేలు" అనేవాళ్ళు బ్రాయిలర్ షెడ్డు లోపలికి కూడా ఒకసారి తొంగి చూడాలి. 1990ల నుంచి కోయంబత్తూరు, పల్లడం వైపు బాగా పెరిగిన పద్ధతి ఇది. కోడిపిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందు కంపెనీది. షెడ్డు మనది, కరెంటు బిల్లు మనది, రాత్రి నిద్ర మనది. కోడి ఎదిగాక కిలోకు ఇంత అని పెంపకం కూలీ. కోళ్ళు చస్తే ఆ కూలీలోనే కోత. పెరట్లో ఉన్న కోడి మన కోడి కాదు! సొంత చెక్కలో సొంత అప్పుతో కూలివాడిగా మారడమే ఇది. కొల్హోజులో అధికారి చేసిన పనిని ఇక్కడ ఒప్పంద కాగితం చేస్తున్నది.

జీతం లెక్కలో మేక ఉందా?

చివరగా, "మీకు మేకలున్నాయి కదా" అనేవాళ్ళకు జవాబు.

1957 మే నెలలో క్రుశ్చేవ్ మాంసం గురించి మాట్లాడాడని చెప్పాం. అదే ఏడాది జూలైలో ఢిల్లీలో 15వ భారత కార్మిక మహాసభ జరిగింది. ప్రభుత్వం, యజమానులు, సంఘాలు ముగ్గురూ కూర్చుని కనీస వేతనానికి లెక్క ఒప్పుకున్నారు. సంపాదించే ఒక మనిషి మీద మూడు వినియోగ యూనిట్లు. డాక్టర్ ఐక్రాయిడ్ సూచించిన ఆహారం. ఏటా తలకు 18 గజాల బట్ట, నలుగురి కుటుంబానికి 72 గజాలు. ఇంటి అద్దె. వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు 20 శాతం. 1991లో రెప్టకోస్ బ్రెట్ కంపెనీ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు దీనికి పిల్లల చదువు, వైద్యం, ముసలితనం వంటి వాటికి ఇంకో 25 శాతం కలపాలన్నది.

ఆ ఐక్రాయిడ్ ఎవరనుకున్నారు? మన నీలగిరిలో కూనూరు పోషకాహార పరిశోధనశాలకు 1935 నుంచి 1945 వరకు డైరెక్టరుగా పనిచేసినవాడు. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలిపోయింది. పనిచేసే ఒంటికి ఏం కావాలో కొలిచి చెప్పిన లెక్క అది. దయా కాదు, దానమూ కాదు.

ఆ 1957 తీర్మానంలో ఇంకో వాక్యముంది. కార్మికుడి ఇంట్లో ఆడవాళ్ళ సంపాదన, పిల్లల సంపాదన ఈ లెక్కలో పరిగణించకూడదని. మన ఇళ్ళల్లో మేకలు మేపేది ఎవరు? ఆవుకు గడ్డి కోసేది ఎవరు? మన తల్లులు, మన ఆడపడుచులు. ఆ శ్రమను జీతంలోంచి కోసేవాడు 1957లో తన వర్గం కూడా ఒప్పుకున్న లెక్కనే చెరిపేస్తున్నాడు.

మేక మనకు ఆపదకు అక్కరకొచ్చే ఆస్తి. బిడ్డ ఫీజు కట్టాలన్నా, ఆసుపత్రికి పరుగెత్తాలన్నా సంతకు తోలుకుపోయేది దాన్నే. ఇప్పుడు మిల్లు జీతం చాలక నెల నెలా తిండి కోసమే దాన్ని అమ్ముకోవలసి వస్తే, మిల్లుకు మేత వేస్తున్నది మన మేకే అన్నమాట. కొల్హోజు చెక్క మీద బతికినట్టే మిల్లు మన పెరటి మీద బతుకుతున్నది. తేడా ఒకటే. అక్కడ ఆ దోపిడీకి ఉమ్మడి అని పేరు పెట్టారు, ఇక్కడ స్వేచ్ఛ అని పేరు పెట్టారు. ఏటి ఈతకు లంక మేతకు సరి అన్నట్టు, ఇంట్లో సంపాదించింది మిల్లులో పోతే మనకు మిగిలేదేముంది?

అందుకే మేము చెప్పేది ఇది. పెరట్లో పశువు ఇంటిదే. దాన్ని ఏ సర్కారూ లాక్కోకూడదు, ఏ కంపెనీ కాగితంలో కట్టేసుకోకూడదు, ఏ యజమానీ జీతంలో లెక్క రాసుకోకూడదు. మేత బీడు, సంత, పాల కేంద్రం, పశువుల ఆసుపత్రి ఉమ్మడిగా ఉండాలి, వాటి పగ్గం వాడుకునేవాళ్ళ చేతిలో ఉండాలి. మిల్లులో కూలీ పూర్తి కూలీగా, నిర్ణీత లెక్క ప్రకారం రావాలి.

ఉమ్మడి గొర్రె ఉమ్మడి కావడం వల్ల చావలేదు. అందరిదీ అన్నారు, ఎవరినీ అడగలేదు. పుండు పడినప్పుడు చెప్పినవాడి నోరు నొక్కారు, పురుగు పట్టింది. మన సంఘానికి ఆ గతి పట్టకుండా చూసుకోవలసింది మనమే. లెక్కలు అడగండి. సభకు రండి. నాయకత్వం తప్పుచేస్తే నిలబడి చెప్పండి. చందా కట్టినవాడికి మాట్లాడే హక్కు ఉన్నంత కాలం ఈ గొర్రెకు పుచ్చు పట్టదు.

రేపు గేటు దగ్గర ఎవరైనా ఆ సామెత విసిరితే, నవ్వి ఒక్క ప్రశ్న వేయండి: "గొర్రె సరే. కాపలా ఎవరిది, కత్తి ఎవరిది?"